నూనె ఒత్తిడి యంత్రములు: మగ్గపు ఇంటికి ఏవి తగును, ఏవి తగవు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మగ్గపు ఇండ్లకు ఈమధ్య ఒకరిద్దరు వ్యాపారులు తిరుగుచు, జకార్డును ఇక కాలితో తొక్కనక్కరలేదనియు, తమ హైడ్రాలిక్ సెట్టును అమర్చుకొన్నచో మీట నొక్కిన చాలుననియు చెప్పుచున్నారు. కొందరు సభ్యులు సంఘము కార్యాలయమునకు వచ్చి మా సలహా అడిగిరి. వారిలో ముప్పదియేండ్లుగా పట్టుచీరలు నేయుచున్న ఒక పెద్దాయన, "మోకాళ్ళు పోయినాయప్పా. అప్పు చేసైనా పెట్టుకుంటే నా కొడుకు కాళ్ళన్నా మిగులుతాయి కదా?" అని అడిగిరి. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పి పంపుట మాకు ఇష్టము లేకపోయినది. యంత్రము కడుపులో ఏమి జరుగుచున్నదో తెలియక అప్పు పత్రముపై సంతకము చేయుట మన కుటుంబములకు మంచిది కాదు. అందువలన ఆ సంగతిని మాకు తెలిసినంత వరకు విడమరచి వ్రాయుచున్నాము.

మొదట పేరు చూతము. యాక్చుయేటరు అనగా కదలించునది. మన కాలో చేయో చేయవలసిన నెట్టుట, లాగుట, ఎత్తుట, త్రిప్పుట అను పనులను చేసిపెట్టు భాగమునకు ఆ పేరు. కరెంటుతో కదలించునవి గలవు, గాలితో కదలించునవి గలవు, నూనెతో కదలించునవి గలవు. నూనెతో కదలించు దానినే హైడ్రాలిక్ యాక్చుయేటరు అందురు. చాలావరకు అది ఒక ఉక్కు గొట్టము, దానిలో ముందుకు వెనుకకు నడచు ఒక ముషలము. గొట్టమును సిలిండరనియు, ముషలమును పిస్టననియు అందరును పిలుచుచున్నారు గనుక మేమును అట్లే వ్రాసెదము.

ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. హోసూరులో తయారగు మోటారు సైకిళ్ళపై మన పిల్లలు రోజూ పనులకు పోవుచున్నారు. ముందు చక్రమునకు డిస్కు బ్రేకు గల బండిని చూడుడు. చేతివద్ద చిన్న డబ్బాలో నూనె యుండును. రెండు వ్రేళ్ళతో మీట లాగినచో అక్కడి చిన్న పిస్టను నూనెను నెట్టును. నూనె సన్నని గొట్టము గుండా దిగివచ్చి చక్రము వద్ద నున్న పెద్ద పిస్టనును నెట్టును. అది బిళ్ళను పళ్ళెమునకు అదిమిపట్టును. అంత వేగముతో పోవు బండి రెండు వ్రేళ్ళ బలముతో నిలిచిపోవును.

ఇంత బలము ఎక్కడి నుండి వచ్చినది? మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో, ఆ ఒత్తిడి తరుగక అన్ని వైపులకు సమానముగా ప్రాకును. ఫ్రాన్సు దేశపు పాస్కల్ 17వ శతాబ్దములో ఈ సూత్రము చెప్పెను. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యము గల చిన్న పిస్టనుపై 10 కిలోల బరువు పెట్టితిమి అనుకొందము. నూనెలో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి కలుగును. దానితో కలిసియున్న పెద్ద పిస్టను 100 చదరపు సెంటీమీటర్లు ఉన్నచో, ప్రతి చదరపు సెంటీమీటరును 10 కిలోల వంతున నెట్టబడి మొత్తము 1000 కిలోలను ఎత్తగలదు.

ఇది ఊరకనే వచ్చిన లాభము కాదు. పెద్ద పిస్టను ఒక సెంటీమీటరు లేవవలెనన్న చిన్న పిస్టను 100 సెంటీమీటర్లు దిగవలెను. బలములో వచ్చినది దూరములో పోవును. నేతగానికి దీనిని వేరుగా నేర్పనక్కరలేదు. తొక్కుడు పలకకు త్రాడును ఇరుసు దగ్గరగా కట్టినచో కాలికి తేలిక, కాని పడుగు కొంచెమే తెరచుకొనును. దూరముగా జరిపి కట్టినచో పడుగు బాగుగా తెరచుకొనును, కాని కాలికి బరువు. నూనె యంత్రములో జరుగునదియు ఇదే బేరము. పలకకు బదులు నూనె, ఇరుసుకు బదులు రెండు పిస్టనుల వైశాల్యముల తేడా.

సూత్రము తెలిసిన తరువాత యంత్రము రావడానికి వందయేండ్లకు పైగా పట్టినది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అను పనివాడు 1795లో ఇట్టి ఒత్తుడు యంత్రమునకు పేటెంటు పొందెను. వచ్చిన చిక్కు కారుటయే. బలము పెరిగిన కొలది నీరు పిస్టను ప్రక్కల నుండి చిమ్ముచుండెను. గట్టిగా బిగించినచో పిస్టను కదలదు. దీనికి ఉపాయముగా చెంబు ఆకారపు తోలు వాషరును అమర్చిరి. బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దీనిని కనిపెట్టెనని చెప్పుదురు. ఒత్తిడి పెరిగిన కొలది ఆ తోలు అంచులు తమంతట తామే విచ్చుకొని గోడకు ఆనుకొనును. ఒత్తిడి తగ్గినచో వదులగును. సైకిలు పంపులోను, చేతి బోరింగులోను మనము చూచు వాషరు ఈ జాతిదే. నేడు తోలుకు బదులు రబ్బరు, ప్లాస్టికు సీళ్ళు వాడుచున్నారు గాని యుక్తి అదియే. నూనె యంత్రము ఎంత పెద్దదైనను దాని ప్రాణము ఈ సీలులో నున్నదని జ్ఞాపకముంచుకొనవలెను. బ్రామా నీటితో నడిపెను. నీరు త్రుప్పు పట్టించును, జారుడుతనము ఈయదు. నూనె రెండు విధముల మేలు గనుక తరువాత నూనె వాడుకలోనికి వచ్చినది.

లారీ షెడ్డులోని జాకీని గమనించినచో మిగిలినది తెలియును. దానిలో నూనె తొట్టి, చేతికఱ్ఱతో ఆడు చిన్న పిస్టను, బరువు మోయు పెద్ద పిస్టను, మధ్య రెండు ఉక్కు గుండ్లు గలవు. కఱ్ఱ ఎత్తినప్పుడు మొదటి గుండు లేచి తొట్టిలోని నూనెను లోనికి రానిచ్చును. కఱ్ఱ దించినప్పుడు ఆ గుండు మూసికొనును, రెండవ గుండు తెరచుకొని నూనెను పెద్ద పిస్టను క్రిందికి పంపును. తిరిగి కఱ్ఱ ఎత్తినప్పుడు రెండవ గుండు మూసికొని బరువును పట్టియుంచును. నూరుసార్లు ఆడించినచో నూరు చిన్న అడుగులు కలిసి ఒక జానెడు ఎత్తగును. దించుటకు ప్రక్కనున్న మరను విప్పినచో నూనె తిరిగి తొట్టిలోనికి పోవును.

కరెంటుతో నడచు పెద్ద యంత్రములో చేతికఱ్ఱకు బదులు మోటారు, చిన్న పిస్టనుకు బదులు పళ్ళచక్రముల పంపు ఉండును. దానికి తోడు రెండు భాగములు చేరును. ఒకటి నూనెను ఎటు పంపవలెనో నిర్ణయించు కవాటము. రైతు మడవ త్రిప్పి ఒక కయ్య నుండి మరొక కయ్యకు నీరు మళ్ళించినట్లు అది నూనెను పిస్టను వెనుకకో ముందుకో మళ్ళించును. రెండవది ఒత్తిడి మితి మీరినప్పుడు నూనెను తొట్టిలోనికి వదలివేయు రక్షణ కవాటము. వంటింటి కుక్కరుకు విజిలు ఎట్టిదో దీనికి ఇది అట్టిది. యంత్రము బలము చాలలేదని కొందరు మెకానిక్కులు ఈ కవాటమును బిగించుచుందురు. ఇది విజిలుపై రాయి పెట్టుట వంటిది. ఎవ్వరిని చేయనీయరాదు.

లెక్క ఒకటి వేసి చూతము. సిలిండరు లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లు అయినచో పిస్టను వైశాల్యము 78 1/2 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు అనుకొనుడు. బలము సుమారు 11,800 కిలోలు, అనగా పన్నెండు టన్నులకు కొంచెము తక్కువ. పంపు నిమిషమునకు 10 లీటర్లు పంపినచో పిస్టను సెకనుకు రెండు సెంటీమీటర్లు నడచును. దీనికి 4 గుఱ్ఱపు శక్తి గల మోటారు చాలును. వెనుకకు వచ్చునప్పుడు పిస్టను కడ్డీ కొంత చోటు ఆక్రమించును గనుక నూనె పట్టు వైశాల్యము తగ్గి బలము తగ్గును, వేగము పెరుగును. నాలుగు గుఱ్ఱములతో పన్నెండు టన్నులు నెట్టగలుగుట ఈ యంత్రము గొప్పతనము. సెకనుకు రెండు సెంటీమీటర్లు మాత్రమే నడచుట దాని నెమ్మదితనము. ఈ రెండును కలిపి చూచినవారు ఎప్పుడును మోసపోరు.

ఇంత బలము నెమ్మదిగా కావలసిన చోట దీనికి సాటి లేదు. కృష్ణగిరి చుట్టుప్రక్కల గ్రానైటు గనులలో బండలను ఎత్తు యంత్రముల చేతులు, టిప్పరు లారీల తొట్లు, ట్రాక్టరు వెనుక నాగలి ఎత్తు సాధనము అన్నియు నూనెతో నడచునవే. గోదావరిపై పోలవరము వద్ద స్పిల్‌వేకు 48 తలుపులు గలవు. ఒక్కొక్కటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. తలుపుకు రెండు చొప్పున 96 నూనె సిలిండర్లను జర్మనీ నుండి తెప్పించి అమర్చిరి. 2021 వర్షకాలము నుండి వరద నీటిని ఈ తలుపుల గుండానే వదలుచున్నారు.

పాత ఆనకట్టల తలుపులు గొలుసులతోను, ఉక్కు త్రాళ్ళతోను లేచునవి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ తలుపు గొలుసు తెగి తలుపే కొట్టుకొనిపోయిన సంగతి రాయలసీమ బంధువుల ద్వారా అందరికిని తెలిసినదే. మన కృష్ణగిరి ఆనకట్టలో కూడ 2017 నవంబరులో ఒక తలుపు దెబ్బతిని నీరు వదలవలసి వచ్చినది. గొలుసైనను త్రాడైనను నూనె గొట్టమైనను తెగుటకు అవకాశము గలదు. కనుక ఏ యంత్రము చూచినను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు. ఇది తెగినచో పైనున్న బరువును పట్టునది ఏది? మంచి నూనె సిలిండరుకు మూతిలోనే ఒక కవాటముండి, గొట్టము పగిలినను నూనెను బయటికి పోనీయక బరువును నిలుపును. చౌక యంత్రములలో ఇది ఉండదు. అమ్మువాడు దానిని గురించి చెప్పడు.

ఇక మన పనికి వత్తము.

సంఘములకు నిజముగా ఉపకరించు నూనె యంత్రము మూటలు కట్టు ప్రెస్సు. నూలు మిల్లుల నుండి మనకు వచ్చు బేళ్ళు అట్లు అదిమి కట్టినవే. తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు కో-ఆప్టెక్సుకో దూరపు వ్యాపారికో పంపునప్పుడు, వదులుగా కట్టిన మూట లారీలో రెట్టింపు చోటు తినును, త్రోవలో జారి నలుగును. మేము పైన చెప్పిన సిలిండరును 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల మూటపై నడిపినచో చదరపు సెంటీమీటరుకు నాలుగు కిలోలకు పైగా ఒత్తిడి పడును. 60 సెంటీమీటర్లు దిగుటకు అరనిమిషము పట్టును. కట్టు బిగించువరకు ఒత్తిడిని అట్లే నిలిపియుంచును. ఇది నూనెకు తగిన పని: బలము ఎక్కువ, వేగము అక్కరలేదు, పట్టి నిలుపవలెను.

అయినను ప్రతి సంఘమునకును మోటారు ప్రెస్సు అక్కరలేదు. వారమునకు నాలుగైదు మూటలు మాత్రమే పంపు సంఘమునకు జాకీ అమర్చిన చేతి ప్రెస్సు చాలును. కరెంటు పోయినను పని ఆగదు, మూడు ఫేజుల కనెక్షనుకు అర్జీ పెట్టి తిరుగనక్కరలేదు. రోజూ మూటలు కట్టువారికి మాత్రమే మోటారు గిట్టును. ఇంకొక మాట. జరీ చీరలను ఏ ప్రెస్సులోను పెట్టరాదు. జరీ ఒకసారి విరిగి మడత పడినచో ఇస్త్రీతో పోదు. ధర పలుకవలసిన చీర రెండవ రకమగును. పట్టుచీరలను పెట్టెలలోనే పంపవలెను.

పడుగు చుట్టిన పెద్ద దూలములను మోయుటకు కాలితో తొక్కు నూనె పంపు గల బండ్లు మరమగ్గముల షెడ్లలో వాడుచున్నారు. చేనేతలో మన దూలము ఇద్దరు మోయగలిగినదే గనుక అది మనకు అక్కరలేదు. గంజి వేసిన గుడ్డను రోలర్ల మధ్య నలిపి నిగనిగలాడించు క్యాలెండరు యంత్రములో రోలరును అదుముటకు నూనె సిలిండర్లు ఉండును. అది పది సంఘములు కలిసి పెట్టుకొనదగిన యంత్రము.

ఈ సందర్భమున ఒక పొరపాటు మాటను సరిదిద్దవలెను. అద్దకపు షెడ్డులో తడి నూలు పిండు యంత్రమును 'హైడ్రో' అని పిలుచుచున్నాము. అది హైడ్రాలిక్ యంత్రము కాదు. చిల్లుల తొట్టి వేగముగా తిరిగి నీటిని బయటికి చిమ్మును, అంతియే. అట్లే దుకాణములలో ఎత్తు తగ్గించు కుర్చీలను హైడ్రాలిక్ కుర్చీలు అందురు గాని, వానిలో చాలావరకు ఎత్తునది బిగించిన గాలి వంటి వాయువు. పేరు చూచి మోసపోవు అలవాటు కొనువారికే గాక అమ్మువారికిని గలదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు వత్తము. జకార్డు ఎత్తుటకు నూనె యంత్రము తగునా?

లెక్క వేయుదము. కొక్కెములు, త్రాళ్ళు, దారములను క్రిందికి లాగు ఇనుప కడ్డీలు, పడుగు బిగువు అన్నియు కలిపి ఒక తొక్కుడుకు లేవవలసిన బరువు 30 కిలోలు అనుకొందము. డిజైనును బట్టి ఎక్కువ తక్కువ ఉండును. లేవవలసిన ఎత్తు 10 సెంటీమీటర్లు. మంచి ఊపులో నిమిషమునకు 40 తొక్కుళ్ళు పడును. దారము తెగుట, కండె మార్చుట, బుటా దారములు వేయుట పోగా రోజంతటి సగటు నిమిషమునకు 20 అని తీసికొన్నను, ఆరు గంటల పనిలో 7,200 తొక్కుళ్ళు. 30 కిలోల చొప్పున 216 టన్నులు. దీనిని ఒక మనిషి మోకాలు, నడుము కలిసి ప్రతిదినము ఎత్తుచున్నవి. పెద్దాయన మోకాళ్ళు ఎందుకు పోయినవో ఈ అంకె చెప్పును. కాబట్టి కాలికి సాయము కావలెననుటలో సందేహము లేదు. ఏ సాయము అనునదే ప్రశ్న.

30 కిలోలను 10 సెంటీమీటర్లు అర సెకనులో ఎత్తుటకు కావలసిన శక్తి 60 వాట్లు. ఇంటి పైకప్పు ఫ్యాను తినునంత మాత్రమే. రోజంతయు చేయుట వలన మనిషికి అది కష్టము గాని, యంత్రమునకు అది పనియే కాదు. పైగా కావలసిన వేగము సెకనుకు 20 సెంటీమీటర్లు. మనము పైన చూచిన ప్రెస్సుకు పదిరెట్లు. బలము తక్కువ, వేగము ఎక్కువ, నిమిషమునకు నలుబది మార్లు ఆగి కదలుట. ఇది నూనె గుణమునకు సరిగా వ్యతిరేకము. ఇంచు వ్యాసము గల చిన్న సిలిండరుకు కూడ చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి చాలును. నూనె యంత్రము 150, 200 కిలోల ఒత్తిడి కొరకు కట్టినది. వేపాకు కోయుటకు ఏనుగును తెచ్చినట్లగును.

అంతకంటె పెద్ద ఆక్షేపణ మరొకటి గలదు. జకార్డు పెట్టె ఎక్కడ నుండును? పడుగుకు సరిగా నెత్తిపైన. నూనె సిలిండరు ఎంత మంచిదైనను, సీలు అరిగిన దినమున ఒక చుక్క రాల్చును. ఆ చుక్క క్రింద పట్టు పడుగు ఉండును. మచ్చ పడిన చీరకు ఎంత కోత పడునో మన ఇండ్లలో ఎవరికిని చెప్పనక్కరలేదు. పడుగుకు నెత్తిన నూనె ఒత్తిడి గొట్టము పెట్టుటకు మా సంఘము ఎట్టి పరిస్థితిలోను సిఫారసు చేయదు.

6 కిలోల ఒత్తిడి అన్నంతనే తెలిసినవారికి గాలి గుర్తుకు రావలెను. చిన్న కంప్రెసరు ఇచ్చు ఒత్తిడి అంతియే. హోసూరులోనే తయారగు పెద్ద లారీలు ఆగినప్పుడు బుస్సుమను చప్పుడు వినియుందురు. అది గాలి బ్రేకు. మోటారు సైకిలుకు నూనె, లారీకి గాలి, రెండును మన ఊరి కర్మాగారములలో అమరుచున్నవే. గాలి కారినను మచ్చ పడదు. పని ముగిసిన గాలిని తిరిగి తొట్టికి తేనక్కరలేదు. గాలి అణగును గనుక దాని నెట్టుడు మెత్తగా నుండును. 4 సెంటీమీటర్ల వ్యాసము గల గాలి సిలిండరు 6 కిలోల ఒత్తిడిలో 75 కిలోల బలమిచ్చును. 30 కిలోల జకార్డుకు అది ధారాళము. దించుటకు కడ్డీల బరువే చాలును.

కాని గాలి చౌక కాదు. ఒక్కొక్క ఎత్తుడుకు సుమారు ఒక లీటరు మామూలు గాలి ఖర్చగును. నిమిషమునకు నలుబది లీటర్లు అదుముటకు కరెంటు చాలా పోవును. అదిమినప్పుడు వేడిగా పోవునది తిరిగి రాదు. ఒక గుఱ్ఱపు శక్తి కంప్రెసరు రోజుకు ఆరు గంటలు ఎడతెగక తిరిగినచో రెండు నెలలలో, ఏబది పనిదినములకు, 225 యూనిట్లు తినును. తమిళనాడులో చేనేతవారికి ఉచిత కరెంటును 2023 మార్చిలో రెండు నెలలకు 200 నుండి 300 యూనిట్లకు పెంచిరి. అందులో ముప్పాతిక భాగము కంప్రెసరుకే పోయినచో దీపములకు, ఫ్యానుకు మిగులునది ఎంత? ఒకే కప్పు క్రింద నాలుగైదు మగ్గములున్న షెడ్డుకు గాలి తగును. ఒంటి మగ్గపు ఇంటికి బరువు. గాలి పెట్టుకొన్నవారు కంప్రెసరును ఇంటి బయట నుంచవలెను, తొట్టి అడుగున చేరు నీటిని ప్రతి సాయంత్రము వదలవలెను. సిలిండరు నుండి బయటికి వచ్చు గాలిలో కూడ నూనె తుంపర కొంత యుండును గనుక ఆ మూతిని గొట్టముతో పడుగుకు దూరముగా త్రిప్పవలెను.

ఒంటి మగ్గమునకు మా ఓటు చిన్న కరెంటు మోటారుకే. పావు గుఱ్ఱపు శక్తి మోటారు, వేగము తగ్గించు పళ్ళచక్రముల పెట్టె, ఒక వంకర కడ్డీ. కాలితో మృదువుగా తాకిన చాలు. వృథాను కలిపి 250 వాట్లు తీసికొన్నను పై లెక్కనే రెండు నెలలకు 75 యూనిట్లు. ఒంటి ఫేజు కనెక్షను చాలును.

తెలుగువారికి ఈ విషయములో ఒక మంచి నిదర్శనము గలదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము గారు, తల్లి చీరకు వేలసార్లు చేయి త్రిప్పి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూడలేక 1999లో ఆసు యంత్రమును పూర్తి చేసిరి. తల్లి పేరనే దానికి లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రమునకు ఆయన చిన్న కరెంటు మోటారునే ఎంచుకొనిరి. పని తేలిక, మార్లు వేలు. అట్టి పనికి అదియే తగును.

మోటారు పెట్టుకొన్నను మరువరానిది ఒకటి గలదు. కాలితో తొక్కునప్పుడు దారము చిక్కుకొన్నచో కాలికి తెలియును. తొక్కుడు మధ్యలోనే మనము ఆగుదుము. యంత్రమునకు ఆ స్పర్శ లేదు. నాడె ఇంకను పడుగు మధ్య ఉండగా జకార్డు దిగినచో పదుల కొలది పోగులు ఒక్కసారి తెగును. అతికించుటకు పూట పట్టును. కనుక మోటారుకు, వంకర కడ్డీకి నడుమ బరువు ఎక్కువైనప్పుడు జారిపోవు బెల్టు ఉండవలెను. కాలు తీసినంతనే ఆగు మీట ఉండవలెను. నూనె యంత్రములో రక్షణ కవాటము ఈ పని చేయునని వ్యాపారి చెప్పును. ఆ కవాటము తెరచుకొనునంత ఒత్తిడికి పట్టు పోగు ఎన్నడో తెగియుండును. కొనకమునుపు ఒక పాత నూలు పడుగుపై యంత్రమును నడిపి, కావలెనని నాలుగు పోగులు చిక్కుపెట్టి, ఏమగునో చూపుమని అడుగుడు. మా ఎదుట ఒక వ్యాపారిని ఇట్లు అడుగగా, మరునాడు వత్తునని చెప్పి పోయిన మనిషి మరల రాలేదు.

మోటారు పెట్టినచో మగ్గము చేనేత కాకుండా పోవునా అని కొందరు భయపడుచున్నారు. 1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషను చట్టము మరమగ్గము కాని మగ్గమునెల్ల చేనేత మగ్గమనినది. నాడె విసరుట, పన్నె కొట్టుట చేతితోనే జరుగుచు, జకార్డు ఎత్తుటకు మాత్రము సాయము తీసికొను అమరికలను చేనేత అభివృద్ధి పథకములలోనే ప్రోత్సహించుచున్నారు. ఆ మూడు పనులును మోటారుకు అప్పగించినచో మాత్రము అది మరమగ్గమే. సందేహమున్నవారు సేలములోని నేతగాండ్ర సేవా కేంద్రమునకు వ్రాతపూర్వకముగా వ్రాసి, జవాబును భద్రపరచుకొనవలెను. అదే సేలములో 1960లో స్థాపించిన చేనేత సాంకేతిక విద్యాసంస్థ గలదు. 2016లో మొదలైన హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయత పథకములో మగ్గపు పరికరముల ధరలో 90 శాతము కేంద్రము భరించు ఏర్పాటు చేసిరి. జాబితాలో లేని యంత్రమును వ్యాపారి మాట నమ్మి వడ్డీకి కొనుటకు ముందు, జాబితాలో నున్న దానికి అర్జీ పెట్టుట మంచిది.

చివరగా, ప్రెస్సు గాని జాకీ గాని వాడు సంఘములకు కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. ఎత్తిన బరువు క్రింద, అది ఎంత గట్టి జాకీయైనను, దిమ్మ పెట్టక చేయి గాని తల గాని పెట్టరాదు. బ్రేకు నూనెను జాకీలో పోయరాదు. రెండింటి జాతి వేరు, సీళ్ళు ఉబ్బి చెడును. మన షెడ్లలో ప్రత్తిదూది ఎప్పుడును గాలిలో ఎగురుచుండును. అది నూనె తొట్టి ఊపిరి రంధ్రమును మూయును, లోపలికి పోయిన కవాటములలో ఇరుకును. మూతను వారమునకొకసారి తుడువవలెను, నూనెను పలుచని గుడ్డతో గాక తగిన ఫిల్టరుతోనే పోయవలెను. పిస్టను మెత్తగా, స్పంజి వలె కదలుచున్నచో లోపల గాలి చేరినదని అర్థము. తయారుచేసినవారు చెప్పిన మరను కొంచెము విప్పి, నురుగు పోయి తేట నూనె వచ్చువరకు వదలవలెను. వేసవిలో నూనె చేయి పెట్టలేనంత వేడెక్కినచో యంత్రమును ఆపి చల్లారనీయవలెను.

ముఖ్యమైనది ఇంకొకటి. గొట్టమునకు సూది మొనంత చిల్లు పడినచో నూనె కంటికి కనబడని తీగవలె చిమ్మును. ఎక్కడ కారుచున్నదో అని చేతితో తడుమరాదు. ఒక అట్టముక్కను దగ్గరగా జరిపి చూడవలెను. ఆ తీగ చర్మమును చీల్చి లోనికి పోయినచో పైకి చీమ కుట్టినంత గాయమే కనబడును. నొప్పి కూడ మొదట లేకపోవచ్చును. దానిని చూచి పసుపు అద్ది ఊరకుండరాదు. అదే గంటలో పెద్ద ఆసుపత్రికి పోయి, ఒత్తిడి నూనె చేతిలోనికి పోయినదని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను. ఆలస్యమైనచో వ్రేలు, ఒక్కొక్కప్పుడు చేయియే తీసివేయవలసి వచ్చును. ఈ పేరాను పెద్ద అక్షరములతో వ్రాసి ప్రెస్సు ప్రక్క గోడకు అంటించవలసినదిగా కోరుచున్నాము.

జకార్డు ఎత్తుడు సాధనముల కొరకు అర్జీ పెట్టదలచిన సభ్యులు తమ జకార్డు కొక్కెముల సంఖ్యను, ఎత్తు బరువును కొలిచి తీసికొని రావలెను. బరువు కొలుచుట కష్టము కాదు. జకార్డు త్రాటికి సంతలో వాడు కొక్కెపు త్రాసును తగిలించి మెల్లగా లాగి, పెట్టె పూర్తిగా లేచినప్పటి అంకెను వ్రాసికొనిన చాలును.